కేజీహెచ్ చర్మవ్యాధుల ఓపీ: తామర రోగిని వెంటబెట్టుకుని వెళ్లినవాడి సమీక్ష

విశాఖలో ఒంటిమీద చెమట ఆరని నెలలే ఎక్కువ కాబట్టి తామర ఇక్కడ పిలవని చుట్టం. మా బావమరిది చేపల రేవులో ఐసు మోస్తాడు, తడిసిన బట్టలతోనే పొద్దు గడుపుతాడు. గజ్జల్లో మొదలైన తామరకు వీధి చివర మందుల షాపువాడు చీటీ అడగకుండా ఇచ్చిన ట్యూబును ఆరు నెలలు రాశాడు. రాసిన మూడో రోజుకు దురద తగ్గేది, మానేసిన వారానికి అంతకు రెండింతల మేర పాకి వచ్చేది. ఆ తరువాతే కేజీహెచ్‌కు, అంటే మా ఊరి కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రికి, తీసుకువెళ్లాను.

చూసిన డాక్టరమ్మ ముందుగా అడిగింది ఆ ట్యూబునే. జేబులోంచి తీసి ఇస్తే, దాని మీది చిన్న అక్షరాలను చదివి, అందులో శిలీంధ్రాన్ని చంపే మందుతోపాటు క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ కూడా ఉందని చూపించారు. స్టెరాయిడ్ ఎరుపును, దురదను అణచివేస్తుంది గాని, అదే సమయంలో ఆ చోట చర్మం చేయవలసిన ప్రతిఘటనను కూడా అణచివేస్తుంది కాబట్టి, తామర అంచు చెరిగిపోయి, గుర్తుపట్టడానికి వీల్లేని రూపంలో లోలోపల విస్తరిస్తుందని వివరించారు. ఇటువంటి స్టెరాయిడ్ పూతమందులు పద్నాలుగింటిని డాక్టరు చీటీ మీదనే అమ్మాలని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ నిబంధన మా వీధి చివరి దాకా ఇంకా నడిచి రాలేదు.

అటుపిమ్మట బ్లేడు మొద్దు అంచుతో మచ్చ అంచున పొట్టును గీకి, గాజుపలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క కలిపి, కొంతసేపు ఆగి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చుట్టూ చేరిన పీజీ విద్యార్థుల తరువాత నన్నూ చూడమన్నారు: కరిగి పలచబడిన చర్మకణాల మీదుగా, కణాల గోడలను లెక్కచేయకుండా, కొమ్మలు చీలుతూ పోతున్న సన్నని శిలీంధ్రపు దారాలు కనిపించాయి. ఆరు నెలలు డబ్బు పోసి పెంచినది ఇదా అని బావమరిది నిట్టూర్చాడు.

పాఠం చెప్పే ఆసుపత్రికి ఉన్న సుగుణం ఇదేనని నా అభిప్రాయం. చూసేవారు పక్కవారికి కారణం చెప్పాలి గనుక, రోగికి కూడా ఆ కారణం చెవిన పడుతుంది. 1923లో విజాగపటం మెడికల్ కాలేజీగా మొదలై, 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీగా పేరు మార్చుకున్న సంస్థకు అనుబంధంగా ఈ ఆసుపత్రి నడుస్తోంది. ఒకప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కింద ఉన్న కళాశాల, 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడిన మీదట దాని పరిధిలోకి వెళ్లింది.

ఈ శాఖ పూర్తి పేరులో చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ కలిసి ఉంటాయి. పేరు విని జంకే వారిని చూశాను గాని, శాఖ పెరిగిన తీరంతా ఆ పేరులోనే ఉంది. మన దేశంలో ఈ వైద్యుల పత్రిక 1935లో సుఖవ్యాధుల పేరుతోనే పుట్టింది. ఆ రోజుల్లో సిఫిలిస్‌కు ఆర్సెనిక్ సూదులు నెలల తరబడి వేయించుకోవలసి వచ్చేది. 1933లో రేవు తెరుచుకున్న మన ఊరి వంటి చోట్ల ఆ చికిత్స ఎంత అవసరమో ఊహించవచ్చు. 1940ల్లో పెన్సిలిన్ రావడంతో ఆ భారం తగ్గింది. కుష్ఠుకు డాప్సోన్ అనే ఒక్క మందునే నమ్ముకుంటే సూక్ష్మజీవులు లొంగని దశ వచ్చాక, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్‌లను జోడించిన బహుళ ఔషధ చికిత్సను సూచించింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరి కంటే తక్కువ స్థాయికి కుష్ఠు దిగింది. ఏ జబ్బుల కోసం పుట్టిందో అవి తగ్గేకొద్దీ శాఖ తామర, సోరియాసిస్, బొల్లి, వయ్యారిభామ మొక్క వల్ల వచ్చే దద్దుర్ల వైపు విస్తరించింది.

అయినా కుష్ఠు కోసం వెతికి చూసే పాత అలవాటు పోలేదు. మా ముందు కూర్చున్న కుర్రవాడి చేతి మీద పాలిపోయిన మచ్చ ఉంటే, కళ్లు మూసుకోమని చెప్పి, దూదిపోగుతో తాకి, తాకిన చోట వేలు పెట్టమన్నారు. మోచేతి వెనుక నరం ఉబ్బిందేమోనని తడిమి చూశారు. యంత్రం అక్కరలేని ఈ పరీక్ష నాకు ఎంతో నచ్చింది.

వెళ్లదలచినవారు ఉదయం పెందలాడే వెళ్లడం, వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని తప్పక అడుగుతారు. మావాడి భార్యకూ ఉన్నట్టు ఆ ప్రశ్నతోనే బయటపడింది. ఇద్దరికీ మందులు రాసి, తువ్వాళ్లు వేరుగా ఉంచుకోమని, బట్టలు ఎండలో ఆరవేయమని చెప్పారు. ఏడు వారాలకు తామర పూర్తిగా పోయింది. తొడల లోపలి వైపు ఆ ట్యూబు మిగిల్చిన తెల్లని చారలు మాత్రం పోవని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు, అవి అలాగే ఉన్నాయి.