మహాబలిపురం లైట్‌హౌస్ తప్పక ఎక్కండి, గది మాత్రం చూశాకే తీసుకోండి

ముందు గది సంగతే రాయాలి, ఆ మంట ఇంకా చల్లారలేదు. సముద్రం కనిపించే గది అని ఫోనులో నమ్మబలికి, మామూలు అద్దె 1,800 రూపాయల మీద మరో 700 ముందే కట్టించుకున్నారు. కిటికీ తెరిస్తే పక్క మేడ గోడ, దాని మీద నాచు పట్టిన నీళ్ళ గొట్టం. గుమాస్తాను నిలదీస్తే "డాబా మీద నుంచి కనిపిస్తుంది సార్" అన్నాడు. డాబా తలుపుకు తాళం. తాళంచెవి యజమాని దగ్గరుందట, ఆయన చెన్నైలో ఉన్నారట! పైగా వేడినీళ్ళకు బకెట్టుకు 30 రూపాయలు. అమ్మ సముద్రం చూడాలన్నదనే ఈ ప్రయాణం పెట్టుకున్నాం. ఆమె పల్లెత్తు మాట అనకుండా ఆ గోడకేసి చూస్తూ కూర్చుంటే నాకు కడుపు రగిలిపోయింది. ఎంత అడిగినా 700 తిరిగివ్వలేదు.

మర్నాడు తీరాలయం, పంచరథాలు 40 రూపాయల ఒకే టికెట్టుతో చూసేశాం.

సాయంత్రం లైట్‌హౌస్. టికెట్టు 10 రూపాయలు. 2006లో వచ్చినప్పుడు నేను గేటు దగ్గరే వెనుదిరిగాను. భద్రతా కారణాలతో 2001 నుంచి 2011 దాకా ఎవరినీ ఎక్కనివ్వలేదు. 1904 నుంచి పూర్తిస్థాయిలో వెలుగుతున్న రాతి స్తంభం, ఎత్తు సుమారు 85 అడుగులు. లోపల మెట్లు బాగా ఇరుకు. దిగేవాళ్ళు గోడకు అంటుకుని నిలబడితేనే మనకు దారి. అమ్మ రెండుసార్లు మెట్టు మీద కూలబడింది, దిగిపోదామంటే మాత్రం ఒప్పుకోలేదు. చివర్లో కాపలాదారు చెయ్యందించి పైకి తీసుకున్నాడు. ఆయన మర్యాదకు ఎన్ని నమస్కారాలు పెట్టినా చాలవు.

పైన ఒకటే గాలి. అమ్మ కొంగు నడుముకు బిగించి కటకటాలు పట్టుకుంది. ఎదురుగా బంగాళాఖాతం, పక్కనే బండ మీద ఒలక్కణ్ణేశ్వర ఆలయం. ఈ స్తంభం రాకముందు ఆ గుడి పైకప్పు మీదే దీపం పెట్టేవారని చెప్పాను. అమ్మ పుట్టిల్లు కళింగపట్నం దగ్గర. "అక్కడి లైట్‌హౌస్ వెలుగు మా పెరట్లో కొబ్బరిచెట్ల మీదుగా పోయేది. మంచం మీద పడుకుని లెక్కపెట్టేవాళ్ళం" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

మోకాళ్ళ నొప్పులున్నా నిదానంగా ఎక్కవచ్చు. మూసే వేళకు కనీసం గంట ముందు వెళ్ళండి. మేము దిగాక కూడా అమ్మ గదికి రానంది. దీపం వెలిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాం.