మసక ట్యాగులు ఏరేసే పని: చాలా ఏళ్లు చూశాక నా సమీక్ష

స్టాక్ ఓవర్‌ఫ్లో కోడ్ రాసేవాళ్ల ప్రశ్నోత్తరాల సైట్. అక్కడ ఓట్లు ఎలా పడతాయో ఇక్కడ చెప్పను. 2008 నుంచి ఉంది, కోడ్ రాసేవాళ్లందరికీ తెలుసు. నేను రాస్తున్నది అందులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక పని గురించి. ప్రశ్న దేని గురించో చెప్పడానికి దానికి తగిలించే మాటలే ట్యాగులు. వాటిలో అర్థం తేలనివాటిని మనుషులు కూర్చుని ఒక్కో ప్రశ్న నుంచి తీసేస్తారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘బర్నినేట్ చేయడం’. ఊళ్లు తగలబెట్టే ఒక కార్టూన్ డ్రాగన్ దగ్గర్నుంచి తెచ్చుకున్న మాట. పేరుకి అంత ఆర్భాటం ఉంది గానీ, పని చూస్తే బియ్యంలో రాళ్లు ఏరడమే.

ఆ సైట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నేను డేటాబేస్ పని చేసేవాణ్ణి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష), పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (ఒక డేటాబేస్, వాడుకలో పోస్ట్‌గ్రెస్) ట్యాగులు వాచ్‌లో పెట్టుకుని, అంటే వాటి ప్రశ్నలు నాకు కనపడేట్టు చేసుకుని, ఖాళీ దొరికినప్పుడు జవాబులు రాస్తుంటాను. మొదట్లో ‘సెలెక్ట్’ ట్యాగ్ కూడా పెట్టుకున్నాను. ఆ మాట చాలా చోట్ల వాడతారు కాబట్టి అందులోకి ఎస్‌క్యూఎల్ ప్రశ్నలతో పాటు వెబ్ పేజీలో డ్రాప్‌డౌన్ పని చేయట్లేదనే వాళ్లు, సీ భాషలో సాకెట్ల దగ్గర ఇరుక్కున్న వాళ్లు, అందరూ వచ్చేవారు. డ్రాప్‌డౌన్లకి వేరే ట్యాగ్ ఉందని ఆ ట్యాగ్ వివరణలోనే రాసి ఉంది. కానీ ప్రశ్న అడిగే తొందరలో ఉన్నవాడు వివరణ ఎక్కడ చదువుతాడు? నాలుగు అక్షరాలు కొట్టగానే కింద ఒక జాబితా వస్తుంది, పక్కన ఎన్ని ప్రశ్నలున్నాయో అంకె కనపడుతుంది. పెద్ద అంకె ఉన్నదాన్ని నొక్కేస్తాడు. కొత్త ట్యాగ్ పుట్టించాలంటే సైట్‌లో ఓట్లతో సంపాదించిన పాయింట్లు 1500 ఉండాలి కాబట్టి కొత్తవాళ్లకి ఉన్నవాటిలో ఏరుకోవడం తప్ప వేరే దారి లేదు. అలా మసక ట్యాగ్ దానంతటదే లావెక్కుతుంది.

2010లోనే ఆ సైట్ స్థాపకుల్లో ఒకడైన జెఫ్ అట్‌వుడ్ దీని మీద ఒక పరీక్ష పెట్టాడు. ఒక ప్రశ్నకి ఆ ట్యాగ్ ఒక్కటే ఉంటే, ఆ ప్రశ్న దేని గురించో తెలుస్తుందా? తెలియకపోతే అది ఉండకూడని రకం. ‘సబ్జెక్టివ్’, ‘బిగినర్’ లాంటివి ఈ పరీక్షలో నిలబడవు. ఎవరికి బిగినర్? పదేళ్లు జావా రాసి నిన్ననే రస్ట్ భాష మొదలుపెట్టినవాడు బిగినరా కాదా? 2012లో ‘హోంవర్క్’ ట్యాగ్ కూడా పోయింది. నాకు తెలిసినంతలో బాగా జరిగిన శుభ్రత అదే. దాన్ని అన్నిసార్లూ విద్యార్థులే పెట్టుకున్నది కాదు. పక్కవాళ్లు వచ్చి ‘ఇది నీ హోంవర్కే కదా’ అన్నట్టు అంటించి పోయేవారు. అడిగినవాడు కాదనడం, చూసేవాళ్లు అవుననడం, అసలు ప్రశ్న పక్కకి పోవడం. ట్యాగ్ పోయాక ఆ గొడవకి చోటు తగ్గింది.

నన్ను ఈ పనికి అభిమానిని చేసిన సంగతి మాత్రం వేరే ఉంది. ఒక రోజు నా పోస్ట్‌గ్రెస్ జాబితాలో పైన ఒక పాత ప్రశ్న కనపడింది. ఏళ్ల క్రితం అడిగినది, జవాబు లేదు. అప్పట్లో దానికున్న ట్యాగులు ‘డేటాబేస్’, ‘సెలెక్ట్’. శీర్షికలో ‘క్వెరీ పని చేయట్లేదు’ అన్న అర్థం తప్ప ఇంకేమీ లేదు. ఏ డేటాబేసో అడిగినవాడు ఎక్కడా రాయలేదు. చివర్లో ఎర్రర్ మెసేజ్ మాత్రం అతికించాడు: ఫలానా రిలేషన్ లేదు అని. ‘సెలెక్ట్’ ట్యాగ్ సరిచేస్తూ వచ్చిన ఒకాయన ఆ ఎర్రర్ చదివి, టేబుల్‌ని ‘రిలేషన్’ అని పిలిచే ఆ ధోరణి పోస్ట్‌గ్రెస్‌ది అని పోల్చుకున్నాడు. ఆ ట్యాగ్ చేర్చాడు, శీర్షిక మార్చాడు, కోడ్‌ని కోడ్ లాగా కనపడేట్టు సర్దాడు, అడుగున ఉన్న ‘ప్లీజ్ హెల్ప్, అర్జెంట్’ తీసేశాడు.

ఇక విషయం చూడగానే తెలిసిపోతుంది. టేబుల్ పేరుని పెద్ద అక్షరాలతో, కోట్స్‌లో పెట్టి సృష్టించాడు. పిలిచేటప్పుడు కోట్స్ వదిలేశాడు. కోట్స్ లేకపోతే పోస్ట్‌గ్రెస్ ఆ పేరుని చిన్న అక్షరాల్లోకి మార్చేసుకుని వెతుకుతుంది, ఆ పేరుతో టేబుల్ ఉండదు. దీనికి మంచి జవాబు అదే సైట్‌లో ఎప్పట్నుంచో ఉంది. కాసేపట్లో ఎవరో ఈ ప్రశ్నని ఆ జవాబున్న ప్రశ్నకి ముడిపెట్టారు. అడిగినవాడికి అప్పటికి ఆ అవసరం తీరిపోయి ఉంటుంది, నిజమే. కానీ అదే తప్పు అవే మాటల్లో వెతికే మరొకడికి ఇప్పుడు దారి ఉంది. ట్యాగ్ తీయడానికి వచ్చిన మనిషి ప్రశ్న మొత్తం చదివాడు కాబట్టే ఇదంతా జరిగింది. అప్పట్నుంచి ఈ పనిని నేను వేరే కళ్లతో చూస్తున్నాను.

అందరూ ఆయనలా చేస్తారా అంటే, లేదు. ట్యాగ్ ఒక్కటి పీకేసి, కళ్లెదుట ఉన్న అచ్చు తప్పుని కూడా ముట్టుకోకుండా పోయేవాళ్లు చాలామంది. ఒక మసక ట్యాగ్ తీసి ఇంకో మసక ట్యాగ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. పైగా ఏ చిన్న మార్పు చేసినా ఆ పాత ప్రశ్న జాబితాలో పైకి లేస్తుంది. ఒకేసారి వందలు మారిస్తే ఆ పూట అడిగిన కొత్త ప్రశ్నలు కిందికి జారిపోతాయి. అందుకే నెమ్మదిగా చేయమంటారు. నెమ్మదిగా చేస్తే ఎప్పటికి అవుతుందో తెలియదు. 2000 పాయింట్లు లేనివాళ్లు చేసే మార్పుల్ని ఇంకొకరు చూసి ఒప్పుకోవాలి, అదొక భారం. ‘మెర్జ్’ అనే ట్యాగ్‌లో గిట్‌లో కోడ్ బ్రాంచులు కలిపేవాళ్లు, పాండాస్‌లో డేటా టేబుళ్లు కలిపేవాళ్లు, ఎస్‌క్యూఎల్ వాళ్లు కలగలిసి ఉంటారు. దాన్ని విడగొట్టాలంటే ఎన్ని సాయంత్రాలు కావాలో ఊహించుకోండి. జీతం లేని పని.

ఇంత నత్తనడక దేనికి, స్క్రిప్ట్ రాస్తే పోదా అని నేనూ అనుకునేవాణ్ణి, మా ఆఫీసులో చూసేదాకా.

మా దగ్గర ఇంజినీర్లకి లోపల వాడుకునే ప్రశ్నోత్తరాల సైట్ ఒకటుంది. అందులో ‘జాబ్’ అనే ట్యాగ్ ఉండేది. రాత్రిపూట నడిచే క్రాన్ జాబ్‌కి అదే, కోడ్ కట్టే జెంకిన్స్ బిల్డ్‌కి అదే, పెద్ద డేటాని నడిపే స్పార్క్ జాబ్‌కీ అదే. ఒకరిద్దరు వేరే టీమ్‌లోకి మారడం ఎలా అని అడగడానికి కూడా వాడారు. తీసేయాల్సిన ట్యాగే. ఎవరూ అడ్డు చెప్పలేదు. మరుసటి రోజు టూల్స్ టీమ్ కుర్రాడు వచ్చి, “అయిపోయిందన్నా, డేటాబేస్‌లోనే ఒక్క డిలీట్ కొట్టేశాం” అన్నాడు సంబరంగా.

“ఆ ట్యాగ్ ఒక్కటే ఉన్నవాటికి ఏం పెట్టారు?”

“వాటికేం పెట్టలేదన్నా. కావాలంటే రాసినోళ్లే పెట్టుకుంటారులే.”

రాసినవాళ్లలో సగం మంది కంపెనీలోనే లేరు. నెలాఖరులో డేటా ఎక్కించే పని (లోడ్) పడిపోయినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి సైట్‌లో ప్రశ్న పెట్టింది. ‘జాబ్’ ట్యాగ్ దొరకలేదు, తోచిందేదో పెట్టింది. మా డేటా టీమ్‌కి మెయిల్ అలర్టులు వచ్చేది ఆ పోయిన ట్యాగ్ మీదే కాబట్టి మాకెవరికీ మెయిల్ రాలేదు. ఇదే సమస్యకి అంతకుముందు ఒకసారి వివరంగా రాసిన జవాబు ఆ సైట్‌లోనే ఉంది, కానీ ఆ ప్రశ్న శీర్షిక ‘మళ్లీ ఫెయిల్ అయింది’. ఆ శీర్షికతో ఎవరు వెతుకుతారు? ట్యాగ్ పట్టుకుని వెళితే దొరికేది, ఆ ట్యాగ్ లేదు. పాపం, తెల్లవారేదాకా టెన్షన్‌తో సిస్టమ్ లాగ్ ఫైళ్లు చదువుకుంటూ కూర్చుంది. పొద్దున మేం వచ్చి చూస్తే అడ్డం పడింది టేబుల్‌ని పట్టుకుని వదలని పాత లాక్ ఒక్కటే.

సరే, ట్యాగ్ వెనక్కి తెమ్మన్నాం. కుదరలేదు. స్క్రిప్ట్ నేరుగా టేబుల్లో చెరిపేసింది కాబట్టి ఏ ప్రశ్నకి ఆ ట్యాగ్ ఉండేదో చరిత్రలో జాడ లేదు. బ్యాకప్ పైకెక్కిస్తే ఆ తర్వాత రాసిన జవాబులన్నీ పోతాయన్నారు. పక్కన ఇంకో చోట బ్యాకప్ తెరిచి ఆ జాబితా ఒక్కటి లాగి ఇవ్వమంటే కావాల్సింది రాసి సిస్టమ్‌లో టికెట్ పెట్టమన్నారు. పెట్టాం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో చేత్తో చేసిన ప్రతి మార్పుకీ ఎవరు, ఎప్పుడు, ఏం తీశారో పక్కన ఉంటుంది, తప్పనిపిస్తే ఒక్క నొక్కుతో పాతదానికి మార్చొచ్చు. ఇన్నాళ్లూ నాకది మామూలు సౌకర్యంగానే కనపడింది.

కొనదగ్గదా కాదా అన్నట్టు తీర్పు చెప్పమంటే, అది మీరు సైట్‌ని ఎలా వాడతారన్న దాని మీద ఉంటుంది. గూగుల్‌లో ఎర్రర్ కొట్టి, నేరుగా జవాబు మీద దిగి, కాపీ చేసుకుని పోయేవాళ్లకి ఏ ట్యాగ్ ఉన్నా పోయినా తేడా తెలియదు. నాలాగా రెండు మూడు ట్యాగులు పట్టుకుని జవాబులు రాసేవాళ్లకి మాత్రం ఇది కంటికి కనపడే మేలు. చాట్‌జీపీటీ వచ్చాక కొత్త ప్రశ్నలు బాగా తగ్గాయి, కాబట్టి పాతవాటిని సర్దడమే ఇప్పుడు ఎక్కువ ఉపయోగమని నాకనిపిస్తుంది. డేటాబేస్ వాణ్ణి కాబట్టి అలా అనిపిస్తుందేమో. ఆరు నెలలకోసారి మారిపోయే జావాస్క్రిప్ట్ లైబ్రరీల వాళ్లు పాతవాటిని సర్ది ఏం లాభం అనొచ్చు, కాదనలేను.

ఐదుకి నాలుగు ఇస్తాను, అదీ మనిషి చదివి తీసినప్పుడే. మా ఆఫీసులో ఇప్పుడు ‘ఎన్విరాన్‌మెంట్’ ట్యాగ్ తీసేస్తామంటున్నారు. ముందు జాబితా పంపండి, టీమ్‌కి ఇన్ని చొప్పున పంచుకుని చూస్తాం అన్నాను. పాత టికెట్ ఇంకా తెరిచే ఉంది.