నేలపట్టు, పులికాట్: తేదీ కాదు, వాన చూసుకుని వెళ్లాలి

పులికాట్ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేటకు పక్షుల కోసం వచ్చేవాళ్లలో చాలామంది జనవరిలో ఫ్లెమింగో పండుగ చూసుకునే బయల్దేరతారు. ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం, సరస్సు దగ్గర జనం, హారన్ల మోత. అంతకంటే అక్టోబరు, నవంబరు వానలు ఎలా పడ్డాయో కనుక్కోవడం మేలు. రాజహంస, అంటే ఫ్లెమింగో, ముక్కు తలకిందులుగా ముంచి, కాళ్లతో బురద కలుపుతూ నీటిని వడగట్టి తింటుంది. దానికి లోతు తక్కువ ఉన్న నీరు కావాలి. వాన చాలక పులికాట్ ఎండిపోతే మిగిలేది ఉప్పుబీడే. నీరు మరీ ఎక్కువైతే గుంపులు లోతు తక్కువ ఉన్న అంచులకు జరిగిపోతాయి. వానలు సరిగ్గా పడిన ఏడాది డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం.

అన్నిటినీ "సైబీరియా పక్షులు" అనేయడం ఇక్కడ అలవాటైపోయింది. అది తప్పు. మన దేశంలో రాజహంసలు గుడ్లు పెట్టే పెద్ద చోటు కచ్ రణ్. గూడబాతులు (పెలికన్లు) కూడా దక్షిణాదిలోనే నీళ్లను బట్టి తిరుగుతాయి. నిజంగా ఉత్తరం నుంచి, హిమాలయాల అవతలి నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అక్కడ పగలు కురచవుతుంటే ఒంట్లో కొవ్వు పెంచుకుని, నీళ్లు గడ్డకట్టి తిండి అందకుండా పోయేలోపే బయల్దేరతాయి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. తెల్లవారగానే అక్కడ ఉండాలి. పది దాటితే ఎండ సెగకు దూరపు పక్షులు అలలు అలలుగా కదిలిపోయి కనబడతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, కాబట్టి ఫొటోలకు రోడ్డుకు ఉత్తరం పక్క నీళ్లే బాగుంటాయి. 8x42 బైనాక్యులర్ తప్పనిసరి. నిలబడి ఉన్నప్పుడు రాజహంసలు దాదాపు తెల్లగానే ఉంటాయి, చాలామంది నిరాశపడేది ఇక్కడే. రెక్క విప్పితేనే ఆ గులాబీ ఎరుపు, నల్లటి అంచు. అలాగని వాటిని లేపడానికి చప్పట్లు కొట్టకండి, తిండి మానుకుని ఎగరడం వాటికి పెద్ద నష్టం. దారిలో నీడ లేదు, నీళ్లు వెంట ఉండాలి. శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) గేటు దాటి అనుమతి లేకుండా పోనివ్వరు.

అక్కడి నుంచి నేలపట్టు పక్షుల కేంద్రం. దగ్గరి స్టేషన్ దొరవారిసత్రం, బస్సులూ అక్కడ ఆగుతాయి. మిగతా దూరానికి ఆటో, రానూపోనూ మాట్లాడుకోండి, తిరుగు ఆటో దొరకదు. పిల్లలతో వెళ్లేవాళ్లకు పులికాట్ కంటే ఇదే నచ్చుతుంది, పక్షులు అంత దగ్గర. చెరువులో మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. నీరు చుట్టూ ఉండడమే వాటికి కాపలా. తల్లో తండ్రో పులికాట్‌లో చేపలు పట్టి తెస్తే, పిల్ల తలంతా దాని గొంతులోకి దూర్చి తింటుంది. మనం మరీ దగ్గరికి పోతే పెద్దవి లేచిపోతాయి, ఆ సందులో కాకులు గుడ్లెత్తుకుపోతాయి. కట్ట దిగకుండా వాచ్‌టవర్ నుంచి చూడండి. రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్లు పొలాలకు ఎరువు, ఊరివాళ్లు ఈ పక్షుల్ని కాపాడుకోవడానికి అదీ ఒక కారణం. టిఫిన్ కట్టించుకుని వెళ్లండి.

బస సూళ్లూరుపేటలో అయితే మామూలు లాడ్జిలే, రాకెట్ ప్రయోగాల రోజుల్లో అవీ నిండిపోతాయి. సౌకర్యం కావాలంటే తిరుపతిలో దిగి, తెల్లారకముందే కారులో రావాలి. చెన్నై వైపు వాళ్లకు సూళ్లూరుపేట దాకా లోకల్ రైలుంది.

చలికాలంలో కుదరనివాళ్లు శ్రీకాకుళం జిల్లా తేలుకుంచి చూడొచ్చు. నత్తల్ని తినే ఓపెన్‌బిల్ కొంగలు అక్కడికి వరినాట్ల కాలంలోనే వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి.