ఎల్లో గోట్‌ఫిష్ కొనేవాళ్ళు జాగ్రత్త: "తింటున్న వీడియో" చూసి డబ్బు వెయ్యకండి

అమ్మింది ఎవరో హైదరాబాద్‌లో సాల్ట్ వాటర్ ట్యాంకులున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు, పేరు రాయను. ఎల్లో గోట్‌ఫిష్ అంటే గడ్డం కింద రెండు మీసాలుండే సముద్రపు చేప; నాలుగంగుళాలది, 4,800. ప్యాకింగ్, కొరియర్ ఇంకో 900. "పెలెట్లు తింటోంది సార్, ఆరంగుళాలు దాటదు, మూడడుగుల ట్యాంక్ చాలు" అన్నాడు. తింటున్న వీడియో కూడా పంపాడు. ఆరంగుళాలట! ఈ చేప (శాస్త్రీయ నామం పారుపెనియస్ సైక్లోస్టోమస్) 50 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నా ట్యాంక్ ఆరడుగులది కాబట్టి ఆ అబద్ధంతో నాకు పని లేదనుకున్నాను. సైజులో అబద్ధమాడేవాడు వీడియోలో మాత్రం నిజం చూపిస్తాడా? ఆ మాత్రం బుద్ధి లేకపోయింది.

చేప వచ్చిన కవరు లైటుకి అడ్డంపెట్టి చూస్తే పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. తల వెనక కండ కరిగి వీపు కత్తి అంచులా తేలింది. గడ్డం కింద ఎడమ మీసం సగానికి మొండి, చివర తెల్లగా కుళ్ళింది. గోట్‌ఫిష్‌కి మీసాలు అలంకారం కాదు, ఇసుకలో పురుగు ఎక్కడుందో రుచి పట్టేవి అవే. వీడియోలో చేపకి రెండూ నిక్షేపంగా ఉన్నాయి. విశాఖ రేవులో బుట్టల్లో పోసి అమ్మే గులివిందలకి (ఇవీ గోట్‌ఫిష్‌లే) కూడా రెండు మీసాలూ ఉంటాయి, చచ్చిన చేపలకి!

అడిగితే జవాబు: "అదే చేప సార్, ప్రయాణంలో అరిగింది." కవరులో ఉన్నవి నీళ్ళు, ఆక్సిజన్. ఇసుకేమైనా పోసి పంపావా నాయనా? మీసం అరిగేది గరుకు పగడపు ముక్కల్లో రోజుల తరబడి తవ్వితే. అదే అన్నాను. "ముందు మీ నీళ్ళు టెస్ట్ చేసుకోండి సార్" అన్నాడు. చేప ఇంకా కవరులోనే ఉంది, నా నీళ్ళు తగలనే లేదు! ముడి విప్పని కవరు ఫొటో పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, తర్వాత బ్లాక్.

కవరు నీళ్ళ సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే లెక్క) 1.020 అని ముందే కనుక్కుని, కొత్త చేపని విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంక్ అక్కడికే దించి ఉంచాను. అరగంట కవరు తేలేసి, ఆ నీళ్ళు పడకుండా చేపని మార్చాను. ఇలా దూరం నుంచి వచ్చిన చేపకి గంటలకొద్దీ డ్రిప్ (ట్యాంక్ నీళ్ళు కవరు నీళ్ళలోకి చుక్కలు చుక్కలుగా కలపడం) పెట్టకండి. కవరు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, చేప నుంచి ఆ నీళ్ళలో చేరి అప్పటిదాకా పెద్దగా హాని చెయ్యని అమ్మోనియా విషమవుతుంది. మైసిస్ (బుల్లి రొయ్యల్లాంటి మేత) వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. సన్నగా తరిగిన రొయ్యా అంతే. మూడో రోజు పోయింది. గోట్‌ఫిష్ పగలంతా తవ్వుతూ తిరిగే చేప, రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టాలి. షాపులో ఒక్కపూట మేతతో వారాలు గడిపితే ఒంట్లో ఉన్నదంతా కరుగుతుంది, ఒక హద్దు దాటాక ముందు ఎంత పెట్టినా లేవదు.

నిన్న అదే వీడియో మళ్ళీ స్టేటస్‌లో పెట్టాడని ఫ్రెండ్ పంపాడు. రేటు 5,200 అయింది.

కొంటే గనక, ఆ రోజు తేదీ రాసిన కాగితం ట్యాంక్ అద్దానికి అంటించి, రెండు మీసాలూ, ఎదురుగా పొట్టా కనపడేలా వీడియో అడగండి. ఇవ్వనంటే వదిలెయ్యండి. ట్యాంకులో ఒక మిల్లీమీటరు లోపు సన్న ఇసుక రెండంగుళాలైనా ఉండాలి. చిన్న చేపలూ రొయ్యలూ ఉంటే వాటి మీద ఆశ వదులుకోండి. మూత బిగించండి, ఇది దూకుతుంది.