షిప్పు మన కోసం ఆగుతుందా? ఐదు పోర్టులు, ఐదు అనుభవాలు

మేము ముగ్గురం: నేను, మావారు, డెబ్బైకి దగ్గరపడుతున్న మా అత్తయ్య. బార్సిలోనాలో ఎక్కి ఏథెన్స్ పక్కనున్న పిరేయస్‌లో దిగే క్రూజ్ తీసుకున్నాం. మధ్యలో ఇటలీలో లివోర్నో, చివితావెక్కియా, నేపుల్స్, తర్వాత గ్రీస్ ద్వీపం శాంటొరిని, టర్కీలో కుషాదసి. క్యాబిన్ బుక్ చేయడం ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఏ పోర్టులో దిగి ఏం చూడాలి, టూర్ షిప్పు వాళ్ళ దగ్గర కొనాలా, సొంతంగా కుదుర్చుకోవాలా అన్నది తేలడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

మావారిది ఒకటే మాట. "వాళ్ళ టూర్ అయితే ఆలస్యమైనా షిప్పు ఆగుతుంది. టెన్షన్ ఉండదు."

"యాభై మందితో బస్సులో కూర్చుని, కర్ర పట్టుకున్న గైడ్ వెనకాల పరిగెత్తడానికి అంత డబ్బు పెట్టాలాండీ?" అని నేను.

"ఎక్కువ మెట్లు లేకుండా చూడండి, చాలు" అన్నారు అత్తయ్య.

చివరికి మొదటి పోర్టు లివోర్నో వరకు షిప్పు టూర్, మిగతావన్నీ సొంతం అనుకున్నాం. మొదటి రోజే ధైర్యం చేయడమెందుకని తప్ప ఆ నిర్ణయానికి వేరే లెక్కేమీ లేదు.

లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ సుమారు 90 కిలోమీటర్లు. మేము కొన్నది ఫ్లోరెన్స్, పీసా రెండూ ఒకే రోజులో చూపించే టూర్. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే పొరపాటు జరిగింది. పొద్దున్నే షిప్పు థియేటర్‌లో కూర్చోబెట్టి, చొక్కాలకి నంబరు స్టిక్కర్లు అంటించి, బస్సుల వారీగా దింపారు. ఫ్లోరెన్స్ పాత నగరంలోకి టూర్ బస్సులని రానివ్వరు. దూరంగా ఆపారు, అక్కడి నుంచి నడక. చెవిలో రిసీవర్ పెట్టుకుంటే గైడ్ మాట వినిపిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం నాలుగు వీధుల అవతల ఉంటుంది. అత్తయ్యకి ఆ వేగం అందలేదు. బ్రునెల్లెస్కి కట్టిన ఆ పెద్ద గోపురాన్ని బయటి నుంచే చూశాం. డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా గ్యాలరీ మా టూర్‌లో లేదు, ఆ సంగతి వివరాల్లో రాసే ఉంది, మేమే సరిగ్గా చదవలేదు. తోలు సామాన్ల దుకాణంలో మాత్రం అరగంట ఆపారు. "ఇక్కడ టాయిలెట్లు ఉన్నాయి" అన్నది దానికి చెప్పిన కారణం. పీసాలో యాభై నిమిషాలు. తొమ్మిదిన్నర గంటల టూర్‌లో మా ఇష్టానికి మిగిలింది గంటకి కాస్త ఎక్కువ.

ఇదంతా మావారి ముందు ఏకరువు పెడదామని సిద్ధమవుతుంటే తిరుగుదారిలో ట్రాఫిక్ ఆగిపోయింది. ముందెక్కడో యాక్సిడెంట్ అయిందట. అందరూ ఎక్కేయాల్సిన టైమ్ దాటిపోయింది. బస్సులో ఒక్కరి మొహంలోనూ కంగారు లేదు. గైడ్ ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి, "షిప్పుకి తెలుసు" అంది, అంతే. నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం. మా మూడు బస్సుల కోసం అంత పెద్ద షిప్పు కట్టుతాళ్ళు విప్పకుండా నిలబడి ఉంది. మావారు నన్ను చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువగా ఉంది.

షిప్పు వాళ్ళకి చాలా పోర్టుల్లో సొంత బస్సులూ గైడ్లూ ఉండరు. ఆ ఊరి ఏజెన్సీలే వాటిని నడుపుతాయి, బయట మనకి దొరికేదీ చాలాసార్లు వాళ్ళే. షిప్పు పెట్టే ఎక్కువ ధరలో ఈ ఆగే హామీ కూడా కలిసి ఉందన్నమాట. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం షిప్పు ఆగదు. 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరానికి దగ్గర్లోని సావో తోమే ద్వీపంలో ఎనిమిది మంది విడిగా తీసుకున్న టూర్ నుంచి ఆలస్యంగా వచ్చారు. షిప్పు ఇంకా లంగరు వేసే ఉన్నా వాళ్ళని ఎక్కించుకోలేదు. వాళ్ళు దేశాలు దాటుకుంటూ వెళ్ళి చివరికి సెనెగల్ రాజధాని డకార్‌లో షిప్పుని అందుకున్నారు. ఆ వార్త మావారి ఫోన్‌లో సేవ్ అయి ఉంది.

రోమ్ రోజున ఆయన రెండుసార్లు దాన్ని తీసి చూపించారు కూడా. చివితావెక్కియా నుంచి రోమ్ 70 కిలోమీటర్లకి పైమాటే. అయినా సొంతంగా వెళ్ళడానికి ఈ దారిలో ఇంతకన్నా తేలికైన పోర్టు లేదంటాను. పోర్టు లోపలి షటిల్ బస్సు గేటు బయట లార్గో దెల్లా పాచే దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి ఇంకో బస్సులో స్టేషన్. లోకల్ రైలు టికెట్ సుమారు 5 యూరోలు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది మెషీన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా. దాదాపు గంటలో శాన్ పియెత్రో స్టేషన్‌లో దిగి, పదిహేను నిమిషాలు నిదానంగా నడిచి వాటికన్ చేరాం. అత్తయ్య ఆగినప్పుడల్లా మేమూ ఆగాం. ఆ ఒక్క సౌకర్యం కోసమైనా సొంతంగా వెళ్ళొచ్చు.

కొలోసియం టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొన్నాం. 2023 అక్టోబరు నుంచి వాటి మీద పేర్లుంటాయి, గుర్తింపు కార్డు అడుగుతారు, అందుకని పాస్‌పోర్టులు వెంట ఉంచుకున్నాం. తిరిగేటప్పుడు టెర్మిని స్టేషన్‌కి వెళ్ళలేదు. అక్కడ మన రైలు ఆగే ప్లాట్‌ఫారాలు బాగా లోపలికి ఉంటాయి, అత్తయ్యతో కష్టం. కొలోసియం దగ్గర మెట్రో ఎక్కి పిరమిదే స్టాప్‌లో దిగితే పక్కనే ఓస్తియెన్సే స్టేషన్. చివితావెక్కియా రైళ్ళు అక్కడ ఆగుతాయి. చేయాల్సిన జాగ్రత్త ఒకటే: ఆ రోజు రైల్వే సమ్మె ఉందేమో ముందురోజు చూసుకోవడం. ఇటలీలో సమ్మె తేదీలు ముందే ప్రకటిస్తారు. ఎక్కాల్సిన టైమ్‌కి రెండున్నర గంటల ముందే షిప్పులో ఉన్నాం. "ఇంకో గంట ఉండాల్సింది కదరా" అని అత్తయ్య మావారిని దెప్పారు.

అంత ధైర్యం లేనివాళ్ళకి మధ్యేమార్గం ఒకటుంది. "ఆన్ యువర్ ఓన్" అని షిప్పు వాళ్ళే బస్సు మాత్రం అమ్ముతారు. ఊరి మధ్యలో దింపుతారు, చెప్పిన టైమ్‌కి అక్కడికే వస్తే తీసుకొస్తారు. గైడ్ ఉండడు, స్టిక్కరు ఉండదు. ఫ్లోరెన్స్‌కి మేము తీసుకోవాల్సింది అదే.

నేపుల్స్‌లో షిప్పు ఊరి మధ్యలోనే ఆగుతుంది, గేటు దాటగానే ఎదురుగా కోట. పాంపేయికి సర్కుమ్‌వెసూవియానా అనే లోకల్ రైలు ఉంది, చవక. ఆ రద్దీలో అత్తయ్యని నిలబెట్టలేక, షిప్పులో పరిచయమైన ఇంకో కుటుంబంతో కలిసి డ్రైవర్‌తో వ్యాన్ మాట్లాడుకున్నాం. ఆరుగురం పంచుకుంటే షిప్పు టూర్ ధరలో సగం పడింది.

డబ్బు సంగతి అటుంచితే, పాంపేయి వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ళు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఊరు, రెండువేల ఏళ్ళనాటి బండి చక్రాల గాడులు రాళ్ళ మీద ఇంకా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి నరకం. కానీ లోపల "పాంపేయి అందరికీ" అని వీల్‌చెయిర్లు కూడా వెళ్ళగలిగే దారి ఒకటి వేశారు, మూడు కిలోమీటర్లకి పైనే ఉంటుంది. యాంఫీథియేటర్ వైపు గేటు నుంచి అది మొదలవుతుంది. మా డ్రైవర్‌ని ఆ గేటు దగ్గరే దింపమన్నాం. షిప్పు టూర్ వివరాల్లో ఆ దారి ఊసే లేదు, "ఎక్కువ నడక" అన్న హెచ్చరిక తప్ప. టికెట్ మాత్రం ముందే కొనండి. 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందినే లోపలికి పంపిస్తున్నారు, దాని మీదా పేరు ఉండాలి.

రెండు పోర్టులు గెలిచాక తల కాస్త ఎగిరింది. శాంటొరినిలో నేలకి దిగింది.

శాంటొరినిలో షిప్పు ఒడ్డుకి రాదు. సముద్రంలోనే ఆగుతుంది, చిన్న టెండర్ పడవల్లో దింపుతారు. షిప్పు టూర్ కొన్నవాళ్ళని ముందు పంపేస్తారు. వాళ్ళ పడవలు అథీనియోస్ రేవుకి వెళ్తాయి, అక్కడ బస్సులు సిద్ధంగా ఉంటాయి. మిగతావాళ్ళు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. మా వంతు వచ్చేసరికి గంటన్నర గడిచింది. మమ్మల్ని దింపింది ఫిరా ఊరి కిందనున్న పాత రేవులో. అక్కడి నుంచి కొండ ఎక్కడానికి కేబుల్ కారు, లేదా 580కి పైగా మెట్లు, లేదా గాడిద. మేము వెళ్ళిన రోజు మాది కాక ఇంకో మూడు షిప్పులు నీళ్ళలో ఉన్నాయి. ఆ మనుషులందరికీ ఆ ఒక్క కేబుల్ కారే.

పైకి ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. ద్వీపం కొసనున్న ఈయా అనే ఊరికి లోకల్ బస్సులో వెళ్ళి, నీలం గోపురాల దగ్గర నాలుగు ఫోటోలు దిగి, ఫిరాకి తిరిగొచ్చాం. కేబుల్ కారు క్యూ సందు మలుపు తిరిగి కనపడనంత దూరం ఉంది. ఆఖరి పడవకి గంటన్నర టైమ్. మొదటి ఇరవై నిమిషాల్లో పది అడుగులు కదిలాం.

"మీరిద్దరూ మెట్ల మీదుగా దిగిపోండి. నేను ఈ క్యూలోనే మెల్లగా వస్తాను" అన్నారు అత్తయ్య.

"నిన్ను వదిలి ఎక్కడికి పోతామమ్మా" అని మావారు విసుక్కున్నారు. అది ఆవిడ మీద విసుగు కాదు, నా మీద. మెట్లవైపు వెళ్ళి చూసొచ్చాను. గాడిదల పేడతో జారుతున్నాయి. ఆవిడని దింపే మాటే లేదు.

అప్పుడు గమనించాను, క్యూలో మాకంటే వెనక మా షిప్పు టూర్ స్టిక్కర్లవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని గైడ్ ఫిరాలో వదిలేసి, "కేబుల్ కారులో మీరే దిగండి" అని చెప్పి వెళ్ళిపోయిందట. టూర్ అక్కడితో అయిపోయినట్టే అని టికెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్ళ దగ్గర ఆ హామీ ఇంకా ఉందో లేదో వాళ్ళకే తెలియదు. షిప్పు టూర్ అనగానే మొత్తం రోజుకి బీమా అనుకోకండి, ఎక్కడితో ముగుస్తుందో అడగండి. అలాగని వాళ్ళు మనకంటే నష్టపోలేదు. పొద్దున గంటన్నర ముందు దిగారు, బస్సులో పైకెళ్ళారు, మేము ఈయాలో అడుగుపెట్టేసరికి వాళ్ళు చూసి బయల్దేరుతున్నారు.

ఆఖరి పడవ కంటే ఒక పడవ ముందు ఎక్కాం. అత్తయ్య చేయి వదలకుండా మావారు కూర్చున్నారు. ఆ రాత్రి డిన్నర్‌లో ఎవరం టూర్ల మాట ఎత్తలేదు.

నేను అంతవరకు దూరం చూసి భయపడాలో లేదో తేల్చుకునేదాన్ని. రోమ్ 70 కిలోమీటర్లు, కానీ ఒక రైలు పోతే ఇంకోటి, అదీ లేకపోతే టాక్సీ. శాంటొరినిలో కింద షిప్పు కంటికి కనిపిస్తూనే ఉంది, చేరడానికి మాత్రం ఒక్క తాడు. తిరిగి రావడానికి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టుకుని ఉంటే ఆ రోజు షిప్పు టూరే కొనేవాళ్ళం. ఇంకో సంగతి. వేసవిలో అక్కడ గాలి ఎక్కువైతే షిప్పులు ఆ ద్వీపాన్ని వదిలేసి వెళ్ళిపోతాయి. అప్పుడు షిప్పు టూర్ డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది, బయట కట్టిన అడ్వాన్స్ మాత్రం మనం రాసుకున్న షరతుల మీద ఆధారపడుతుంది. 2025 నుంచి జూన్–సెప్టెంబరు నెలల్లో శాంటొరినికి తలకి 20 యూరోల రుసుము పెట్టారు. టూర్ ఎవరి దగ్గర కొన్నా అది తప్పదు.

కుషాదసిలో షిప్పు రేవుకే ఆనుకుని ఆగుతుంది, ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలు 20 కిలోమీటర్లలోపే. ఇక్కడ ప్రైవేటు గైడ్‌ని మాట్లాడుకున్నాం. ముందే ఈమెయిల్‌లో మూడు విషయాలు రాయించుకున్నాను: షిప్పు రాకపోతే డబ్బు కట్టక్కర్లేదు, ఎక్కాల్సిన టైమ్‌కి గంటన్నర ముందు గేటు దగ్గర దింపాలి, తివాచీల దుకాణానికి తీసుకెళ్ళకూడదు. మూడోదానికి ఆయన నవ్వు బొమ్మ పెట్టి ఒప్పుకున్నాడు. షిప్పు టూర్‌లో వెళ్ళిన మా వ్యాన్ స్నేహితులకి తివాచీల ప్రదర్శన ముప్పావుగంట నడిచిందట.

గైడ్ మమ్మల్ని పై గేటు దగ్గర దింపాడు. అక్కడి నుంచి దారంతా కిందకే, సెల్సస్ గ్రంథాలయం మీదుగా. కారు కింద గేటు దగ్గరికి వచ్చి ఉంది. అత్తయ్య నాలుగుసార్లు కూర్చున్నారు, నాలుగుసార్లూ గైడ్ పక్కనే కూర్చుని కథ చెప్పాడు. ఆవిడకి ఈ మొత్తం ప్రయాణంలో నచ్చిన రోజు అదే.

టైమ్ గురించి ఒక మాట. ఇటలీ దాటి గ్రీస్ వైపు వచ్చాక గడియారం గంట ముందుకి జరపాలి. ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైమ్ చూపిస్తుంది, షిప్పు గడియారం మాత్రం కెప్టెన్ చెప్పినట్టే నడుస్తుంది. మావారు అందుకని పాత చేతి గడియారం షిప్పు టైమ్‌కి పెట్టుకుని తిరిగారు. రోజూ క్యాబిన్‌కి వచ్చే కాగితంలో పోర్టు ఏజెంట్, అంటే ఆ ఊళ్ళో షిప్పు పనులు చూసే మనిషి, నంబరు ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. షిప్పు తప్పిపోతే ముందు ఫోన్ చేయాల్సింది ఆ ఏజెంట్‌కే. షెంజెన్ వీసా (స్పెయిన్, ఇటలీ, గ్రీస్ లాంటి యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) మీద వెళ్ళేవాళ్ళకి ఇలాంటి రూటులో మల్టిపుల్ ఎంట్రీ కావాలి, టర్కీకి వెళ్ళి మళ్ళీ గ్రీస్‌లోకి వస్తాం కాబట్టి. టర్కీ వీసా సంగతి విడిగా చూసుకోవాలి.

పిరేయస్‌లో సామాను దించుకుంటుంటే మావారు అలాస్కా క్రూజ్ పేజీ తెరిచి చూస్తున్నారు. "ఇందులో టెండర్ పోర్టులెన్ని ఉన్నాయో ముందు చూడండి" అన్నాను. అప్పటికే లెక్కపెడుతున్నారు.