స్లీవ్ ఆపరేషన్ తర్వాత ఏడాది ప్యాకేజీ: ఫైల్లో లేని ఆఫీసు పేజీ

విజయవాడ సూర్యారావుపేటలో బరువు తగ్గే ఆపరేషన్లు చేసే ఒక ఆస్పత్రి, స్లీవ్ ఆపరేషన్‌తో (పొట్టలో చాలా భాగం కోసి తీసేసి, సన్నటి గొట్టంలా మిగిల్చేది) కలిపి ఇచ్చే ఏడాది ఫాలో-అప్ ప్యాకేజీ మీద సమీక్ష ఇది. ఆస్పత్రి పేరుతో పని లేదు. ఇక్కడైనా, గుంటూరు కొత్తపేటలోనైనా ఇలాంటిది తీసుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఏం అడగాలో తెలిస్తే చాలు. మార్కులు ముందే చెప్పేస్తే: తిండి విషయంలో అయిదుకి నాలుగున్నర, రక్త పరీక్షలకి నాలుగు, మళ్ళీ ఆఫీసులో అడుగుపెట్టే మనిషిని సిద్ధం చేయడంలో ఒకటి. ఆ ఒకటీ సైకాలజిస్ట్ ఓపిగ్గా విన్నందుకు.

నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి సర్జన్ చూస్తారు. ప్రతిసారీ డైటీషియన్ ఉంటారు. సైకాలజిస్ట్‌తో రెండు విడతలు, ఒక వాట్సాప్ గ్రూపు, చేతికి ఒక ఫైలు. ఫైల్లో డైట్ చార్టు నిజంగా బాగుంది. మొదటి రెండు వారాలు ద్రవాలు, మూడు నాలుగు వారాలు మిక్సీ పట్టినవి, అయిదు ఆరు వారాలు మెత్తటివి, ఆ తర్వాత మెల్లగా మామూలు తిండి. ఎక్కడివో సూపుల పేర్లు కాకుండా పెసరకట్టు, పల్చటి మజ్జిగ, ఉడికించిన గుడ్డు, నానబెట్టి రుబ్బిన మీల్ మేకర్ అని రాశారు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ ఎలా చేరుకోవాలో లెక్క వేసి చూపించారు. క్యాల్షియానికీ ఐరన్ మాత్రకీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలన్నది పెద్దక్షరాల్లో ఉంది. విటమిన్ మాత్రలు ఏడాదితో అయిపోవు, జీవితాంతం వేసుకోవాలన్నదీ దాచలేదు. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

అసలు తేడా క్యాలెండర్‌లో ఉంది. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే రెండు వారాలకల్లా డ్యూటీలో చేరిపోవచ్చు, బరువులెత్తే పనైతే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. బరువు అన్నిటికంటే వేగంగా పడిపోయేది మొదటి ఆరు నెలల్లో. జుట్టు రాలడం మూడో నెల, నాలుగో నెల ప్రాంతంలో మొదలవుతుంది. ప్యాకేజీలో సైకాలజిస్ట్ కూర్చోబెట్టి మాట్లాడేదేమో ఒకసారి ఆపరేషన్‌కి ముందు, మరోసారి ఆరో నెలలో! ఈ రెండింటి మధ్యే దవడలు దిగుతాయి, చొక్కా వేలాడుతుంది, దువ్వెన నిండా జుట్టు వస్తుంది. ఆరో నెలకి ఆఫీసంతా ఒక తీర్మానానికి వచ్చేసి, దాన్ని పై ఫ్లోర్ వాళ్ళకి కూడా చెప్పేసి ఉంటుంది.

మన దగ్గర సన్నబడితే మెచ్చుకుంటారని అనుకునేవాళ్ళు ఒకసారి లంచ్ టైమ్‌లో చెవి పెట్టి వినాలి. మనిషి హఠాత్తుగా చిక్కితే మొదట తట్టేది షుగర్, రెండోది టీబీ, ఆ తర్వాతవి గొంతు తగ్గించి అనుకునేవి. 'మొహం పీక్కుపోయిందేంటండీ', 'ఇంట్లో ఏమన్నా ఇబ్బందా', 'దిష్టి తీయించుకోండి మేడమ్', ఇక విజయవాడ కదా, 'వీఆర్‌కే డైటా?' (వీరమాచనేని రామకృష్ణ చెప్పే, అన్నం మానేసే డైట్). ఇవన్నీ ఆప్యాయతతోనే వస్తాయి. అందుకే కష్టం. శత్రువైతే పక్కకి తప్పుకోవచ్చు, కారేజీలో కూర పంచే మనిషి అడిగితే ఎక్కడికి పోతాం?

దీనికి ప్యాకేజీలో దొరికిన సలహా రెండు ముక్కలు: 'పట్టించుకోకండి', 'ధైర్యంగా నిజం చెప్పేయండి'. రెండూ పనికిరావు. పట్టించుకోకపోతే పొగరంటారు. మొత్తం నిజం చెప్పేస్తే రోజూ బులెటిన్ ఇవ్వాలి. మూడో దారి కూడా ఒకటి ఉంది, చాలామంది పట్టేది అదే: 'వాకింగ్ చేస్తున్నా, రాత్రి అన్నం మానేశా' అనేయడం. ఇది అన్నిటికంటే చెడ్డది. పక్క సీటాయన షుగర్ మాత్రలు వేసుకుంటూ రాత్రి అన్నం మానేస్తాడు, అతనికి షుగర్ పడిపోతే ఆ పాపం ఎవరిది? పైగా మధ్యాహ్నం నాలుగు ముద్దలు దాటి తినకపోవడం అందరి కళ్ళూ చూస్తూనే ఉంటాయి, అబద్ధం వారంలో బయటపడుతుంది.

డ్యూటీలో చేరకముందే ఇంట్లో ఒక వాక్యం ఖాయం చేసుకోవాలి. అందులో జరిగింది ఒక ముక్క, ఇప్పుడెలా ఉందో ఒక ముక్క, మాట మళ్ళించే ప్రశ్న ఒకటి. 'అవునండీ, పొట్టకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నా. మీ పాప ఈఏపీసెట్ ఎలా రాసింది?' పొట్ట ఆపరేషన్ అన్నది అబద్ధం కాదు, మొత్తం కథా కాదు. అటెండర్‌కీ, మేనేజర్‌కీ, క్యాంటీన్ అతనికీ అక్షరం పొల్లుపోకుండా ఇదే వాక్యం. ఒకరికి గాల్ బ్లాడర్ అని, ఇంకొకరికి హెర్నియా అని చెబితే ఆ ఇద్దరూ టీ దగ్గర కలిసిన రోజే పుకారు పుడుతుంది. ఇంట్లోవాళ్ళకి కూడా ఇదే నేర్పాలి. ఫోన్ చేసి పరామర్శించే కొలీగ్‌కి అత్తగారు పూసగుచ్చినట్టు చెప్పేస్తే ఇక్కడ కట్టిన గోడంతా వృథా.

'ఎన్ని కిలోలు తగ్గారు?' అన్న ప్రశ్నకి అంకె చెప్పకూడదు. ఒకసారి చెబితే ప్రతి సోమవారం స్కోర్ అడుగుతారు. బరువు కొన్ని వారాలు కదలకుండా నిలబడిపోవడం మామూలే, ఆ వారాల్లో 'ఇంకేం తగ్గట్లేదే' అని కూడా వినాల్సొస్తుంది. 'లెక్క డాక్టర్ గారి దగ్గరుందండీ' అంటే చాలు. 'ఇంక తగ్గకు, బాగోవు' అంటే 'డాక్టర్ గారు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతా' అని నవ్వేయవచ్చు. 'ఇన్నాళ్ళకి మనిషిలా ఉన్నావ్' అనే పొగడ్త ఒకటుంటుంది, దానికి నవ్వు అక్కర్లేదు. 'అప్పుడూ మనిషినేనండీ' అని మామూలు గొంతుతో అనేసి పని చూసుకోవాలి. ఖర్చు అడిగేవాళ్ళకి 'అది ఇంట్లో చూసుకున్నారు' అనే జవాబు సరిపోతుంది. ఎవరైనా విడిగా పిలిచి, తమ బరువు గురించే బెంగతో అడిగితే మాత్రం వేరు. వాళ్ళకి నిజం చెప్పొచ్చు. అయితే సలహా ఇవ్వకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి. ఎవరికి ఈ ఆపరేషన్ సరిపోతుందో తేల్చేది బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క), షుగర్, నిద్రలో ఊపిరి ఆగడం లాంటివి, పక్క సీటువాళ్ళ ఫొటో కాదు.

కాగితాల దగ్గర ఆస్పత్రి చేసిన తప్పు ఇంకోటి ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ మీద 'మార్బిడ్ ఒబేసిటీ' (ప్రమాదకరమైన ఊబకాయం) అని ఉంటుంది, లీవు కోసం దాన్నే జిరాక్స్ తీసి ఇవ్వమన్నారు. ఆ జిరాక్స్ ఎన్ని టేబుళ్ళు తిరుగుతుందో రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్ళకి తెలియకపోవచ్చు, మనకి తెలియాలి. 'పొట్టకి లాప్రోస్కోపిక్ సర్జరీ జరిగింది, ఇన్ని రోజులు విశ్రాంతి అవసరం' అని విడిగా మెడికల్ సర్టిఫికెట్, చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. కంపెనీ గ్రూప్ పాలసీ వాడుతుంటే క్యాష్‌లెస్ మేలు, కాగితాలు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి నేరుగా వెళ్తాయి. రీయింబర్స్‌మెంట్ అయితే కొన్ని ఆఫీసుల్లో ఫైలంతా హెచ్ఆర్ చేతుల మీదుగానే పోతుంది. అన్నట్టు, ప్రామాణిక నిబంధనల ప్రకారం బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉంటేనో, 35 లేదా అంతకు మించి ఉండి తీవ్రమైన జబ్బులు తోడుంటేనో పాలసీ వర్తిస్తుంది. ఇది ఆపరేషన్‌కి ముందే చూసుకోవాల్సిన సంగతి.

లంచ్ బల్ల దగ్గర డైటీషియన్ చెప్పినవి ఆఫీసు భాషలోకి మార్చుకోవాలి. 20 నుంచి 30 నిమిషాలు నెమ్మదిగా నమలాలి, తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఇవి పాటించే మనిషి బల్ల దగ్గర ఇట్టే కనిపిస్తారు. ఒక్క చిన్న డబ్బా తీసుకెళ్తే 'ఇదేనా మీ భోజనం?' తప్పదు. మామూలు రెండు గిన్నెల కారేజీ తీసుకెళ్ళి, పై గిన్నెలో కూర ముందు అందరికీ వడ్డించేయడం మంచి ఉపాయం. మన ఆఫీసుల్లో పంచకుండా తినేవాళ్ళని గమనిస్తారు గానీ, పంచి తక్కువ తినేవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు. తినేటప్పుడు ముందు గుడ్డో, చికెనో, పప్పో. తర్వాత కూర. చోటుంటే రెండు ముద్దల అన్నం. తొందరపడి ఒక ముద్ద ఎక్కువ తింటే ఛాతీ కింద పట్టేసి, నోట్లో నురగలా ఊరి, వాంతి దాకా పోతుంది. ఆ ఒక్క వాంతితో మధ్యాహ్నానికల్లా ఇరవై రకాల కథలు పుడతాయి.

కేకు కోసే రోజుకి విడిగా జాగ్రత్త కావాలి. ముఖ్యంగా పొట్టకి బైపాస్ (పొట్టని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్న పేగుకి కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళు తీపి ఎక్కువ తింటే పది నిమిషాల నుంచి అరగంటలోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం రావచ్చు. తీపి చిన్న పేగులోకి ఒక్కసారిగా దిగి, నీటిని లాగేయడమే కారణం. ముక్క చేతిలోకి తీసుకుని 'ఇంట్లో పిల్లలకి పట్టుకెళ్తా' అని టిష్యూలో చుట్టేస్తే ఎవరూ బలవంతపెట్టరు. గుంటూరు సెంటర్లో గోలీ సోడా, కూల్ డ్రింకు ఇప్పిస్తామంటే వద్దనాలి, గ్యాస్‌తో పొట్ట ఉబ్బుతుంది. కార్తీక మాసం వనభోజనాలు అన్నిటికంటే గట్టి పరీక్ష. అరిటాకు ముందు కూర్చుంటే ఖాళీ కనిపించగానే వడ్డిస్తారు. కూర్చోకుండా వడ్డించే జట్టులో చేరిపోవడం ఉత్తమం, చేతిలో గరిటె ఉన్న మనిషిని ఎవరూ 'తినలేదేం' అని అడగరు. వెళ్ళేముందు ప్రొటీన్ తిని వెళ్ళాలి. ఎండాకాలంలో మాత్రం మొహమాటం పనికిరాదు. నలభై డిగ్రీల విజయవాడలో గటగటా తాగలేని పొట్టకి ఒకటిన్నర లీటర్లు గుక్క గుక్కగానే వెళ్ళాలి, సీసా బల్ల మీద కనపడేలా ఉండాల్సిందే.

బట్టల గురించి ఫైల్లో ఒక్క మాట లేదు. విచిత్రం, ఎందుకంటే సగం వ్యాఖ్యలు మనిషిని చూసి కాదు, వేలాడే చొక్కాని చూసి వస్తాయి. ప్యాంటు నడుము రెండంగుళాల దాకా బిగించవచ్చు, అంతకు మించితే వెనక జేబులు రెండూ దగ్గరకొచ్చి వికారంగా ఉంటాయి. చొక్కాకి పక్కలు బిగించడం తేలిక, భుజం దించడం ఖర్చుతో కూడిన పని. కొత్తది కొనడమే నయం. బరువు ఒక చోట నిలవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి వస్త్రలత బట్టల మార్కెట్‌కి పరుగెత్తి ఒకేసారి పది జతలు కొనకూడదు. మూడు నెలలకోసారి రెండు జతలు చాలు.

వాట్సాప్ గ్రూపు సగం వరం, సగం ప్రమాదం. మలబద్ధకానికి, జుట్టుకి, మాత్రలకి జవాబులు వెంటనే దొరుకుతాయి. కానీ అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ముందూ తర్వాతా ఫొటోలు పెట్టమని అడుగుతారు. ఊరు చిన్నది. అదే బ్రాంచిలో పనిచేసే ఇంకొకరి తమ్ముడు ఆ గ్రూపులో ఉండటానికి ఎక్కువ అదృష్టం అక్కర్లేదు. డీపీ తీసేసి చేరాలి, ఫొటో పెట్టకూడదు.

ఆఫీసు మాటల్లో కొట్టిపారేయకూడనివి కూడా ఉన్నాయని ఈ ప్యాకేజీ చెప్పలేదు, ఇది పెద్ద లోపం. 'వారం నుంచి వాంతులవుతున్నాయి కదా', 'నడక తూలుతోందేంటి', 'చెప్పింది మర్చిపోతున్నావ్' అని పక్కవాళ్ళు అంటే అది దిష్టి సంగతి కాదు. ఆగని వాంతులతో బి1 విటమిన్ కొన్ని వారాల్లోనే పడిపోతుంది. పాదాల తిమ్మిర్లు, ఒకటి రెండుగా కనపడటం, తడబాటు వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. నీళ్ళు కూడా నిలవకపోయినా అంతే. జుట్టు రాలడం మాత్రం వేరు, ప్రొటీన్, ఐరన్ సరిగా అందుతుంటే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది.

'పుల్ల' అనో ఇంకేదో పేరు పెట్టి రోజూ పిలిచేవాళ్ళతో ఉపాయాలు పనిచేయవు. ఒకసారి విడిగా పిలిచి 'నాకిది నచ్చట్లేదు' అని చెప్పాలి. ఆగకపోతే తేదీలు, మాటలు, విన్నవాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని హెచ్ఆర్‌కి మెయిల్ చేయాలి. ఆడవాళ్ళ ఒంటి మీద లైంగికంగా వ్యాఖ్యలు చేస్తే, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది: పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి, ఫిర్యాదుకి గడువు మామూలుగా మూడు నెలలు.

మొత్తానికి ప్యాకేజీ తీసుకోవచ్చు, డైటీషియన్ ఒక్కరి కోసమైనా తీసుకోవచ్చు. అయితే సంతకం పెట్టేముందు సైకాలజిస్ట్ రెండు విడతల తేదీలూ మార్చమని అడగాలి: ఒకటి డ్యూటీలో చేరే ముందు వారంలో, రెండోది మూడో నెలలో. 'ఆరో నెలలో చూద్దాంలెండి' అంటే, ఆ తేదీని అక్కడే పెన్నుతో కొట్టించి, పక్కన కొత్త తేదీ రాయించుకున్నాకే కౌంటర్ దగ్గర డబ్బు కట్టాలి.