ఎయిర్‌పోర్టులో పనులు జరుగుతుంటే ప్రయాణికుడికి ఏది మేలు: మెసేజా, బోర్డా, మనిషా?

హనుమకొండ నుంచి శంషాబాద్‌కు కారు నడపడం నా బతుకుతెరువు. జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే మిగతా దారి సాఫీగానే సాగుతుంది. కానీ మొత్తం 160 కిలోమీటర్ల పైచిలుకు, మూడు గంటలు చేతిలో ఉంచుకోవాల్సిందే. దుబాయి, మస్కట్ వెళ్లే కూలీలు, అమెరికాలో కూతురి కాన్పు కోసం బయలుదేరే తల్లులు, చదువుకు పోయే పిల్లలు, వాళ్లను సాగనంపడానికి వచ్చే సగం ఊరు, అందరూ నా వెనక సీట్లో కూర్చున్నవాళ్లే. ఎయిర్‌పోర్టులో ఏ ద్వారం మారినా వాళ్లు మొదట అడిగేది నన్ను. నాకు జీతం ఇచ్చేది ఎయిర్‌పోర్టు కాదు, అయినా జవాబు చెప్పాల్సింది నేనే. కాబట్టి ఈ విషయం మీద నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి.

శంషాబాద్‌నే చూడండి. 2008 మార్చిలో మొదలైనప్పుడు అది ఏడాదికి 1 కోటి 20 లక్షల మంది కోసం కట్టిన టెర్మినల్. తరువాత దాన్ని 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా పెంచారు. ఆ పనులు నడిచిన కాలంలో, 2018 అక్టోబరు నుంచి, విదేశాలకు బయలుదేరేవాళ్ల కోసం పక్కనే తాత్కాలిక టెర్మినల్ నడిపారు. 2022 నవంబరు 28న వాళ్లను మళ్లీ ప్రధాన భవనంలోకి తెచ్చారు. అంటే నాలుగేళ్లపాటు వెళ్లేది ఒక భవనం నుంచి, తిరిగొచ్చి దిగేది మరో భవనంలో. అన్నను ఎక్కడ దింపారో అక్కడికే వచ్చి ఎదురుచూసే తమ్ముళ్లకు ఈ తేడా చెప్పడానికి నాకు ప్రతిసారీ ఐదు నిమిషాలు పట్టేది.

అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది. మా వైపు ఊళ్లలో విమాన ప్రయాణం గురించి తెలిసేది నోటి మాటగానే. 2019లో వెళ్లిన అన్న, 2023లో వెళ్లే తమ్ముడికి ఫోనులో దారి చెబుతాడు: "పెద్ద బిల్డింగ్ దగ్గర దిగవద్దు, పక్కన చిన్నది ఉంటుంది, అక్కడ దిగు." అన్న చెప్పింది అబద్ధం కాదు, అతను వెళ్లిన రోజున అదే నిజం. కొత్త సంగతి చెప్పడం సులువే, పాత సంగతిని మనిషి తలలోంచి తీయడమే కష్టం. మెసేజ్, బోర్డు, మైకు, మనిషి, వీటిలో ఏది మేలో తూచేటప్పుడు నేను చూసేది ఇదే.

ముందు ఫోనుకు వచ్చే మెసేజ్. మూడు గంటల దూరంలో ఉన్నవాళ్లకు దీన్ని మించినది లేదు. బోర్డు ఎంత పెద్దదైనా శంషాబాద్‌లో ఉన్నది హనుమకొండలో కనిపించదు. విమానం వేళ మారినా, టెర్మినల్ మారినా ఇంట్లో ఉండగానే తెలియాలి. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో రెండో టెర్మినల్‌ను పనుల కోసం మూసి అక్కడి విమానాలను వేరే టెర్మినల్‌కు మార్చారు. ఇక్కడి నుంచి ఢిల్లీ వెళ్లి విమానం మారేవాళ్లకు ఆ ముక్క అక్కడ దిగాక తెలిస్తే కాళ్లూ చేతులూ ఆడవు.

కానీ మెసేజ్ ఎవరి ఫోనుకు వస్తుంది? ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు. గల్ఫ్‌కు వెళ్లే చాలామంది టికెట్ మీద ఉండే నంబరు ప్రయాణికుడిది కాదు, టికెట్ తీసిన ఏజెంటుది. ఒకసారి జగిత్యాల వైపు మనిషిని తెల్లవారుజామున దింపడానికి వెళ్లాను. విమానం వేళ ముందుకు జరిగింది. ఆ మెసేజ్ ముందు రోజు సాయంత్రమే వచ్చిందట, ఏజెంటు ఫోనుకు. ఆయన ఫోను దిండు పక్కన పెట్టి పడుకున్నాడు. మేము వెళ్లేసరికి కౌంటర్ మూసేశారు. అంతర్జాతీయ విమానాలకు సాధారణంగా గంట ముందే మూసేస్తారు, బతిమాలితే తెరిచేది కాదు. ఆ మనిషి సంచి మీద కూర్చుని ఇంటికి ఫోను చేయలేక చాలాసేపు ఫోను వంకే చూస్తూ ఉండిపోయాడు. టికెట్ తీసేటప్పుడు ఒక్క నంబరు సరిగ్గా రాయించి ఉంటే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

ఇంకొకటి, మెసేజ్ రాసే తీరు. నాకు చాలామంది తమ ఫోను అందించి చదివించుకుంటారు. "మీకు మరింత మెరుగైన సౌకర్యం కల్పించే ఉద్దేశంతో చేపట్టిన ఆధునికీకరణ పనుల దృష్ట్యా" అని మొదలవుతుంది, అదీ ఇంగ్లిషులో. తెర మీద కనిపించే మొదటి రెండు వరుసలు ఈ మర్యాదకే సరిపోతాయి. ఏ ద్వారం, ఏ తేదీ నుంచి అన్నది కింద ఎక్కడో ఉంటుంది. తెరిచి చదివే ఓపిక ఎందరికి? తిరగేసి రాస్తే సరిపోయేది: ముందు ద్వారం, తరువాత తేదీ, క్షమాపణలు చివర. తెలుగులో రాస్తే మరీ మంచిది.

యాప్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. నెలకు నాలుగుసార్లు బెంగళూరు వెళ్లి వచ్చేవాళ్లకు అది బాగానే ఉంది. వాళ్లకు నేను దారి చెప్పాల్సిన పనే లేదు, వాళ్లే నాకు చెబుతారు.

ఇక బోర్డు. దానికి నిద్ర లేదు, విసుగు లేదు, ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. పక్కా బోర్డు మూడు భాషల్లో, వెలుతురుతో, తల ఎత్తితే కనిపించే చోట ఉంటే నేను వంక పెట్టను. పనులు జరిగేటప్పుడు పెట్టేది ఆ రకం కాదు, ఫ్లెక్సీ. ఇనుప రేకుల అడ్డుగోడకు తీగతో కట్టిన ఫ్లెక్సీ ఒకటి నా కళ్లలో ఇంకా ఉంది, ఏ ఊరిదో చెప్పను. మొదట బాణం ఎడమకు ఉంది. పని రెండో దశకు వచ్చాక దాని మీద తెల్ల కాగితం అంటించి స్కెచ్‌పెన్‌తో కుడికి బాణం గీశారు. వర్షానికి కాగితం కింది అంచు లేచింది. గాలి వీచినప్పుడు ఎడమ బాణం, గాలి ఆగితే కుడి బాణం. పక్కన నిలబడి చూస్తే నవ్వొచ్చింది కానీ, ట్రాలీ తోసుకుంటూ వచ్చిన ముసలాయనకు నవ్వు రాలేదు.

తాత్కాలిక బోర్డుకు ఉన్న పెద్ద జబ్బు, దాని మీద తేదీ ఉండకపోవడం. ఎప్పుడు కట్టారో, ఎప్పటిదాకా చెల్లుతుందో తెలియదు. కట్టడానికి మనిషి ఉంటాడు, విప్పడానికి ఉండడు. పాల ప్యాకెట్ మీద కూడా తేదీ వేస్తాం, మనిషి ప్రయాణాన్ని మలుపు తిప్పే బోర్డు మీద వేయం.

మైకులో చెప్పడం ఒకప్పుడు చదువు రానివాళ్లకు పెద్ద దిక్కు. ఇప్పుడు చాలా విమానాశ్రయాలు బోర్డింగ్ పిలుపులు మానేసి నిశ్శబ్దంగా మారాయి. చెవులకు హాయే, కాదనను. కానీ తెర మీద అక్షరాలు చదవలేనివాడి పరిస్థితి ఏమిటి? పనులు జరిగే చోట డ్రిల్లింగ్ మోతలో పిలుపు వినిపించదన్నదీ నిజమే. రైల్వేలో అయితే మైకు లేనిదే గడవదు. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరగకట్టే పనులకు ప్లాట్‌ఫారాలను విడతలవారీగా మూస్తూ కొన్ని రైళ్లను చర్లపల్లి స్టేషన్‌కు మార్చినప్పుడు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు ఫోనుకు మెసేజ్ పంపవచ్చు. కాజీపేటలో జనరల్ టికెట్ కొన్నవాడి నంబరు ఎవరి దగ్గరా ఉండదు. అతనికి మైకు, లేదంటే పక్క ప్రయాణికుడు. వరంగల్ నుంచి వెళ్లేటప్పుడు చర్లపల్లే ముందు వస్తుంది కాబట్టి దిగాలో వద్దో అక్కడికక్కడే తేల్చుకోవాలి.

చివరగా మనిషి. నా ఓటు ఇతనికే, కొన్ని షరతులతో. విమానాశ్రయం ద్వారం దగ్గర జవాను టికెట్టూ గుర్తింపు కార్డూ చూసి ప్రయాణికుణ్ణి మాత్రమే లోపలికి పంపుతాడు. కొడుకైనా, డ్రైవరైనా అక్కడితో ఆగిపోవాలి. ఆ తరువాత అద్దం అవతల మొదటిసారి ప్రయాణించే అవ్వ ఒక్కతే. ఆమెకు కావాల్సింది బాణం గుర్తు కాదు, "ఇటు రా అవ్వా, నీది ఆ వరుస" అనే గొంతు. పైగా అన్న చెప్పిన పాత దారిని చెరిపేయగలిగేది మనిషి ఒక్కడే. బోర్డు చూసినా "మా అన్న ఇలా చెప్పలేదే" అని అనుమానపడేవాడు, ఎదురుగా నిలబడినవాడు "అది మారింది తమ్ముడూ, నేను రోజూ పంపిస్తున్నాను" అంటే నమ్ముతాడు.

షరతుల సంగతికి వస్తే, అతను నిలబడాల్సింది దారి చీలే చోట. సహాయ కేంద్రం అని బల్ల వేసుకుని లోపల ఎక్కడో కూర్చుంటే, ఆ బల్ల ఎక్కడుందో చెప్పడానికి మళ్లీ ఒక మనిషి కావాలి. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చి ఉండాలి. రాత్రి కూడా ఉండాలి, ఎందుకంటే నా గల్ఫ్ కిరాయిల్లో ఎక్కువ అర్ధరాత్రి దాటాకే. పొద్దున ఏం మారిందో రాత్రి డ్యూటీవాడికి చెప్పే ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే అతనూ పాత ఫ్లెక్సీ లాంటివాడే, కాకపోతే మాట్లాడే ఫ్లెక్సీ.

మనుషులను పెడితే ఖర్చు అంటారు. మా వైపు ఒక బస్టాండును కూల్చి కడుతున్నప్పుడు రేకుల ముందు పల్లీలు అమ్మే ఆవిడ రోజంతా ఏ ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతూనే ఉండేది. ఆమెకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. కొనేవాళ్ల కన్నా అడిగేవాళ్లు ఎక్కువైనా విసుక్కోలేదు.

కాబట్టి నా లెక్క ఇదీ. రోజు, వేళ, భవనం మారితే మెసేజ్ మేలు, అదీ ప్రయాణికుడి సొంత నంబరుకు. అక్కడికి చేరాక మనిషి మేలు. బోర్డు ఆ మనిషికి తోడు, ఒంటరిగా వదిలేస్తే నమ్మదగినది కాదు. వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలం నాటి మా విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం ఒప్పుకుంది. అక్కడైనా మొదటి రోజు నుంచే ఇలా చేస్తారేమో చూడాలి. అది వస్తే నా కిరాయిలు సగం పోతాయి, అది వేరే కథ.

నేను పాటించే పద్ధతి మాత్రం కాగితం. డ్యాష్‌బోర్డులో చిన్న నోటు పుస్తకం ఉంటుంది. విమానం నంబరు, ద్వారం, నా ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి, చించి, పాస్‌పోర్టులో పెట్టి ఇస్తాను. లోపల ఎవరికి చూపించినా దారి చెబుతారు.

మొన్న సిరిసిల్ల వైపు మనిషి ఒకతను సెలవు ముగించుకుని తిరిగి దుబాయికి బయలుదేరాడు. ఔటర్ మీద ఉండగా పాస్‌పోర్టు కవరులోంచి మడతలు పడిన కాగితం తీసి, "ఇదే గేటు కదా అన్నా?" అని అడిగాడు. నా చేతిరాతే. 2022 వేసవిలో, తాత్కాలిక టెర్మినల్ ఉన్నప్పుడు రాసిచ్చింది. అన్నేళ్లూ భద్రంగా దాచుకున్నాడు. బండి దిగాక ఆ కాగితం తీసుకుని జేబులో వేసుకున్నాను. కొత్తది రాసి ఇచ్చాను. ఈసారి పైన తేదీ వేశాను.